చుక్కలకు పెట్టిన పేర్లు

ఆర్షియాకు ఊహ తెలిసిన నాటి నుంచి నాయన అంటే ఫోన్‌లోంచి వచ్చే గొంతు. శుక్రవారం శుక్రవారం ఆ గొంతు "బాగుండావా పాపా, బాగా చదువుకుంటాండావా" అని అడిగేది. ఈమె "ఆ" అనేది. ఆ వెంటనే ఫోన్ వాళ్ళమ్మ జమీలా చేతికి పోయేది. కువైట్‌లో ఒక సేటు ఇంట్లో ఇరవై ఏళ్ళు కారు తోలిన లాల్ బాషా, పోయిన ఏడాది నడుం నొప్పి పట్టుకుని ప్రొద్దుటూరికి శాశ్వతంగా వచ్చేశాడు. గొంతుకు మనిషి తోడయ్యాడు గానీ మాటలు మాత్రం ఆ రెండు ప్రశ్నల దగ్గరే ఆగిపోయాయి.

మనిషి చెడ్డవాడు కాదు. కొట్టడు, తిట్టడు, కూరలో ఉప్పు తక్కువైందని ఒక్కనాడూ అనలేదు. అక్కడే వచ్చింది చిక్కు. సొంత ఇంట్లో చుట్టంలా ఉండేవాడు. దాహమేస్తే తానే లేచి వెళ్ళి నీళ్ళు తాగి, గ్లాసు కడిగి, తుడిచి, బోర్లించి వచ్చేవాడు. టీవీ పెట్టాలన్నా పెళ్ళాం మొహం వైపు చూసేవాడు. "మీ నాయన ఇంగా ఆ సేటు ఇంట్లోనే ఉండాడు మే" అని జమీలా నవ్వేది. నవ్వుతూనే కొంగుతో కళ్ళు ఒత్తుకునేది.

ఆర్షియా పులివెందులలో ఒక ప్రైవేటు బళ్ళో కంప్యూటర్ టీచరు. వారమంతా అక్కడే లేడీస్ హాస్టల్లో ఉంటుంది. శనివారం సాయంత్రం ముద్దనూరు మీదుగా వచ్చే బస్సెక్కి ఇల్లు చేరుతుంది, సోమవారం మొదటి బస్సుకు మళ్ళీ వెళ్ళిపోతుంది. అంటే నాయనతో ఆమెకు దొరికేది వారానికి ఒక్క ఆదివారం. ఆ ఆదివారం కూడా ఇద్దరూ వరండాలో చెరో కుర్చీలో కూర్చుని వీధిలో పోయే ఆటోలు చూసేవాళ్ళు. ఇరవై మూడేళ్ళ పిల్లకు, కన్నతండ్రితో ఏం మాట్లాడాలో తెలియకపోవడం ఎంత సిగ్గుగా ఉంటుందో అనుభవించిన వాళ్ళకే తెలుస్తుంది.

అలాంటి ఒక ఆదివారం ఆయన ఫోన్‌లో ఏదో వీడియో చూస్తున్నాడు. అయిపోగానే మళ్ళీ మొదటికి తిప్పుతున్నాడు. ఆర్షియా తొంగి చూసింది. చీకట్లో చుక్కలు, వాటి మధ్య పెద్ద పెద్ద ఓడలు.

"ఏంది నాయనా అది?"

"ఏం ల్యా. ఆట." ఫోన్ బోర్లించబోయి, ఎందుకో ఆగాడు. "దీంట్లో మొదటిది నేను శానా ఆడినా పాపా. సేటు చిన్నకొడుకు పాత ల్యాప్‌టాప్ పారేస్తాంటే నేను తెచ్చుకుంటి. దాంట్లో ఉండె. ఇంగిలీషు నాకేం తెలుసు? ఏది నొక్కితే ఏమైతాదో చూసి చూసి నేర్చుకుంటి. ఒక్క చుక్క ఇచ్చి ఇడుస్తాడు మనల్ని. ఆడ మనుషుల్ని పెట్టుకోవల్ల, పంట పండించుకోవల్ల, ఓడలు కట్టుకోవల్ల, పక్క చుక్క మీదికి పోవల్ల. తొమ్మిదేండ్లు ఆడినా. ఇది రెండోది. వస్తాది వస్తాది అని ఆరేండ్ల నుంచి చెప్తాండారు."

ఆర్షియా నోరు తెరుచుకుని వింది. పుట్టి బుద్ధెరిగాక నాయన నోట ఆమె విన్న మాటలన్నీ ఒక పక్కన పెడితే, ఈ నాలుగు మాటలే ఒక పక్క. ఆ రోజే నిర్ణయించుకుంది. ఈ ఆట ఎప్పుడు వస్తే అప్పుడు కొనాలి, ఇద్దరూ కలిసి ఆడాలి.

ఆట వచ్చింది. ఆమె తన ల్యాప్‌టాప్‌లో, హాస్టల్ నెట్ మీద మూడు రోజులు దించుకుంది. శనివారం ఇంటికి తెచ్చి, కువైట్ నుంచి వచ్చిన పెద్ద సూట్‌కేసు మీద పెట్టి తెరిచింది. లాల్ బాషా చేతులు కడుక్కుని, తువ్వాలతో తుడుచుకుని వచ్చి కూర్చున్నాడు.

ఇక ఆ ఆట సంగతి చెప్పాలి. ఆరేళ్ళు ఊరించి ఇచ్చిన వస్తువు అది. మొదలైన అరగంటకే వీళ్ళ ఓడ ఒకటి సూర్యుడిలోకి దూరింది. కాలిపోదు, బయటికి రాదు, గానుగెద్దులా అక్కడే తిరుగుతుంది. శత్రురాజు మాట్లాడటానికి తెర మీదికి వచ్చాడు, మొహానికి కళ్ళూ పళ్ళూ ఉన్నాయి, చర్మం లేదు. ఆ పళ్ళతోనే సంధికి ఒప్పుకున్నానన్నాడు, మరుక్షణం యుద్ధం ప్రకటించాడు, ఆ మరుక్షణం సంధి కుదిరినందుకు అభినందనలు తెలిపాడు. పంట పండిన చోట కరువని, కరువున్న చోట పండిందని రాసేది. దుకాణంలో ఇలాంటి సరుకు అంటగడితే మనవాళ్ళు వెనక్కి తీసుకెళ్ళి వాడి మొహాన కొట్టి వస్తారు. కంప్యూటర్ ఆటకు మొహమెక్కడుంది కొట్టడానికి?

ఆర్షియాకు ఏడుపొచ్చినంత పనైంది. లాల్ బాషా మాత్రం ఆటను వెనకేసుకొచ్చాడు. "కొత్తది గదా పాపా. రోంత సర్దుకుంటాదిలే" అన్నాడు. చర్మం లేని రాజును చూసి "వీడు అచ్చం మా సేటు బామ్మర్ది మాదిరి ఉండాడు. వాడూ ఇంతే, పొద్దున ఒక మాట, మాపున ఒక మాట" అన్నాడు. అని పకపకా నవ్వాడు. వంటింట్లోంచి జమీలా గరిటె పట్టుకుని పరుగున వచ్చి చూసింది, నవ్వింది ఎవరా అని.

పేర్ల సంగతి రెండో వారం మొదలైంది. గెలుచుకున్న ప్రతి చుక్కకూ ఆట తనంతట తానే ఏదో నోరు తిరగని పేరు పెడుతుంది. లాల్ బాషా "ఆ ఎర్రది, ఈ పక్కది" అని వేలితో చూపేవాడు. ఆర్షియాకు ఒక ఆలోచన వచ్చింది. ల్యాప్‌టాప్‌లో తెలుగు కీబోర్డు పెట్టింది. పేరు మార్చే చోట నొక్కి, "నీకు తోచిన పేరు పెట్టుకో నాయనా. తెలుగులోనే కొట్టు" అంది.

"తెలుగు తీసుకుంటాదా ఇది?"

"చూద్దాం కొట్టు."

ఆయన ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, చూపుడు వేలితో 'జమీలా' అని కొట్టాడు. నల్లటి ఆకాశంలో, నీలం చుక్క కింద, తెల్లగా ఆ పేరు వెలిగింది. ఆట తీసుకుంది. తీసుకోకుండా ఉంటేనే బాగుండేది.

ఇంట్లో వీళ్ళకు తెలుగే. పరుపులు కుట్టుకుని బతికిన దూదేకుల వాళ్ళు, నమాజుకు తప్ప మరో భాషతో పని పడిన వాళ్ళు కాదు. లాల్ బాషా చదివింది ఐదో తరగతి, ఆ ఐదూ తెలుగులోనే. ఇరవై ఏళ్ళు అరబ్బీ బోర్డుల కింద, ఇంగ్లీషు బోర్డుల కింద కారు తోలిన మనిషికి, తన చేత్తో రాసిన తెలుగు మాట ఆకాశం మీద కనిపించేసరికి పూనకం వచ్చినంత పనైంది. ఓడలన్నీ ఆగే చుక్కకు 'బస్టాండు' అని పెట్టాడు. బత్తాయి తోటలా పచ్చగా ఉన్నదానికి 'చీనీతోట'. ఎప్పుడూ ధూళి తుఫాను లేచే దానికి 'ముద్దనూరు'. విషవాయువులు కమ్ముకున్న ఒకదానికి 'మక్బూల్' అని పెట్టి, కువైట్‌లో తనతో ఒకే గదిలో పన్నెండేళ్ళు ఉన్న మక్బూల్ సాక్సుల గురించి గంటసేపు చెప్పాడు. చదువుల చుక్కకు 'ఆర్షియా' అని పెట్టాడు. సోమవారం బస్సులో పులివెందుల దాకా ఆ పేరే ఆమె కళ్ళ ముందు వెలుగుతూ ఉంది.

'జమ్మలమడుగు' అని పెడితే మాత్రం మ కింది వత్తు ఊడి వచ్చి పక్కన పడింది. "మన జమ్మలమడుగు నడుం గూడా ఇరిగిందే" అని నవ్వుకున్నారు ఇద్దరూ. అప్పుడే అనుమానించి ఉండాల్సింది. కంప్యూటర్ టీచరై ఉండి కూడా ఆర్షియా అనుమానించలేదు. నవ్వుతున్న మనిషిని చూస్తూ వత్తుల గురించి ఎవరు ఆలోచిస్తారు?

ఐదో ఆదివారం, ఆకాశపు అంచున ఒక పిసరంత చుక్క దొరికింది. దాంట్లో ఇనుము లేదు, నీళ్ళు లేవు, పంటకు పనికిరాదు. ఆర్షియా వద్దంటుండగానే లాల్ బాషా దాన్ని తీసుకున్నాడు. కీబోర్డు దగ్గరికి లాక్కుని, ఈసారి వెతుక్కోకుండా, రెండే అక్షరాలు కొట్టాడు. బాబు.

బాబు ఆర్షియా తమ్ముడు. నాలుగేళ్ళ వయసులో, జమ్మలమడుగులో అవ్వ వాళ్ళింట్లో ఉండగా, మూడు రోజుల జ్వరంతో పోయాడు. అప్పుడు ఆర్షియాకు పదేళ్ళు. వాణ్ణి నాయన కళ్ళారా చూసింది ఒక్క సెలవులో, రెండు నెలలు. వాడు పోయాక ఏడాదికి సెలవు మీద వచ్చినప్పుడు ఆయన ఏడవలేదు, అడగలేదు, ఆ పేరే ఎత్తలేదు. ఆయన ఎత్తడం లేదు కదా అని మిగతావాళ్ళూ ఎత్తలేదు. జమీలా దగ్గర తమ్ముడి మాట తెస్తే ఆ రోజంతా పొయ్యి వెలిగేది కాదు. అలా పదమూడేళ్ళు గడిచిపోయాయి. వాడికి బెల్లం ఇష్టమని, వాడు మేకను 'బేకా' అనేవాడని చెప్పుకోవడానికి ఆర్షియాకు ఈ ప్రపంచంలో ఒక్క మనిషి లేడు. నాయన ఒక్కసారి వాడి గురించి నోరు తెరిస్తే చాలు, తాను కూడా చెప్పుకోవచ్చు. ఆమె ఆ ఆట కొన్నది ఇందుకని ఆమెకే అప్పటిదాకా తెలియదు.

లాల్ బాషా ఆ పనికిమాలిన చుక్క చుట్టూ ఎనిమిది యుద్ధనౌకలు నిలబెట్టాడు.

"ఆడ కాపాడేదానికి ఏముంది నాయనా? బస్టాండు కాడ ఓడల్లేక చస్తాంటే!"

"ఉండనీలే పాపా."

శత్రురాజు బస్టాండు మీదికి వచ్చినా ఆ ఎనిమిదింటిలో ఒక్కదాన్ని కదిలించలేదు. ఆర్షియా కూడా ఇక అడగలేదు.

ఆరో ఆదివారం మధ్యాహ్నం, అన్నాలు తిన్నాక, వంతులవారీగా సాగే ఆ ఆటలో నూట ఎనభై ఏడో టర్నులో ఉన్నారు. లాల్ బాషా తెరను మెల్లగా ఆ అంచు దాకా జరిపి, చెయ్యి మౌసు మీదే ఉంచి, ఆమె వైపు చూడకుండా మొదలుపెట్టాడు.

"వాడు పోయిన పొద్దు నేను యాడ ఉంటినో తెలుసునా పాపా నీకు?"

"తెలీదు నాయనా."

"ఎయిర్‌పోర్టులో ఉంటి. సేటు వాండ్లను దింపేదానికి పోయింటి. దింపి, బయటికి వచ్చి కార్లో కూచ్చున్నా. అప్పుడు ఫోను..."

ఆట గీపెట్టింది. సైరన్ మోతలాంటి శబ్దం ఒకటి ఆగకుండా మోగింది. చుక్కలన్నీ బిగుసుకుపోయి, తెర బూడిద రంగుకు తిరిగి, ఇంగ్లీషు అక్షరాలతో ఒక చిన్న పెట్టె తేలి, మరుక్షణం అంతా నల్లబడింది.

లాల్ బాషా రెండు చేతులూ గుండెల దాకా ఎత్తి వెనక్కి జరిగాడు. "నేనేం నొక్కల్యా పాపా. అల్లా మీద ఒట్టు. చెయ్యి ఊరికే పెట్టినా అంతే."

పరాయి ఇంట్లో గాజుపాత్ర పగిలినప్పుడు పనివాడు అనే మాట అది. కన్నకూతురితో అన్నాడు. "నీ తప్పు కాదు నాయనా, ఆటే చెత్తది" అని ఆర్షియా ఎంత చెప్పినా ఆయన నమ్మలేదు. మళ్ళీ తెరిస్తే తెరుచుకోలేదు. సేవ్ చేసి దాచుకున్న ఆట మీద నొక్కితే చాలు, అదే సైరన్, అదే పెట్టె. రెండు టర్నుల వెనకటి కాపీ ఒకటి ఆట తనంతట తాను దాచింది, అది మాత్రం తెరుచుకుని నాలుగు నిమిషాలు బతికి చచ్చేది.

ఆ తర్వాతి వారాల సంగతి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఆర్షియా ఆటను తీసేసి మళ్ళీ ఎక్కించింది. కంపెనీ వాళ్ళు వదిలిన మరమ్మతులన్నీ దించింది. ఒక మరమ్మతుతో శత్రురాజుకు చర్మం వచ్చింది, జుట్టు పోయింది. ఇంటర్నెట్‌లో ఈ ఆట గురించి జనం గుమిగూడే చోటికి వెళ్ళి చూస్తే అక్కడ దేశదేశాల వాళ్ళు తిట్టిపోస్తున్నారు, మొక్కుతున్నారు, ఏడుస్తున్నారు. పరిష్కారం మాత్రం ఒక్కరి దగ్గరా లేదు. 'కంప్యూటర్ తప్పు చేయదు, మనం చెప్పిందే చేస్తుంది' అని తరగతిలో పిల్లలకు చెప్పే పాఠం ఆ వారం ఆమె నోట రాలేదు. కంపెనీకి ఫైలు జతచేసి ఉత్తరం రాసింది. మీ ఉత్తరం అందిందని, వరసలో ఉన్నారని, ఓపిక పట్టమని వెంటనే జవాబొచ్చింది. అది మనిషి రాసింది కాదు.

మొదటి శనివారం లాల్ బాషా వాకిట్లోనే ఎదురొచ్చాడు. "కంపెనీవాండ్లు ఏమన్నా రాసినారా?" రెండో శనివారం అన్నం తినేటప్పుడు అడిగాడు. మూడో శనివారం అడగలేదు. వరండాలో కూర్చుని పెళ్ళానికి వెల్లుల్లి ఒలిచి పెడుతున్నాడు.

"కొత్తగా మొదలుపెడదామా నాయనా?"

"మళ్ళా మొదట్నుంచి నాతో కాదులే."

"పోనీ, ఆ పొద్దు ఎయిర్‌పోర్టులో అంటివే... ఫోను వచ్చె అంటివే..."

ఆయన చేతిలోని రెబ్బను అటూ ఇటూ తిప్పాడు. "ఏమంటినో. గుర్తు ల్యా పాపా" అన్నాడు. అని లేచి, ఒలిచిన పొట్టు ఒక్కటి కూడా కిందపడకుండా ఏరుకుని, లోపలికి పోయాడు. ఆయన అబద్ధం చెబుతున్నాడని ఆమెకు తెలుసు. ఏం చేయగలదు? మనిషి నోట్లో సగం వచ్చి ఆగిన మాటను మళ్ళీ బయటికి లాగే మరమ్మతు ఏ కంపెనీ వాడూ ఇవ్వడు.

నాలుగో వారం, బళ్ళో మధ్యాహ్నం గంట కొట్టినప్పుడు జవాబు వచ్చింది. ఈసారి మనిషే రాశాడు. మీ ఫైలు పరిశీలించామన్నాడు. మీ గ్రహాల పేర్లలో మా ఆట చదవలేని లిపి ఉంది, అలాంటి పేర్లు ఎక్కువయ్యేకొద్దీ దాచుకున్న ఆట పాడవుతుంది, పేరు మార్చబోయినా ఆగిపోతుంది అన్నాడు. దారి ఒక్కటే ఉందట. తెరుచుకుంటున్న ఆ వెనకటి కాపీలో, ఆ పేర్లున్న గ్రహాలన్నింటినీ ఖాళీ చేసి వదిలేసి, వెంటనే దాచుకోవాలి. మిగిలిన వాటితో ఆట నడుస్తుంది. అసౌకర్యానికి చింతిస్తున్నాం, ఇకపై దయచేసి ఇంగ్లీషు అక్షరాలే వాడగలరు.

ఆర్షియా అన్నం డబ్బా మూత తీయకుండా అలాగే కూర్చుండిపోయింది. చదవలేని దానివి పేరు రాసే చోట ఎందుకు రానిచ్చావు? వద్దంటే మానుకునేవాళ్ళం కదా. కోపం కంపెనీ మీద మొదలై, తిరిగి తిరిగి తన దగ్గరికే వచ్చింది. నాయన తెలుగు పెట్టమని అడగలేదు. "తీసుకుంటాదా ఇది?" అని కూడా అన్నాడు. కీబోర్డు పెట్టింది తాను. ఆయనకు ముద్దుగా ఇచ్చిన వస్తువే ఆయన ఆటను తినేసింది.

ఆదివారం పొద్దున లాల్ బాషా మాంసానికి బజారుకు పోయాడు. ఆర్షియా సూట్‌కేసు మీద ల్యాప్‌టాప్ తెరిచింది. సంగతంతా తల్లికి చెప్పింది.

"మీ నాయన వచ్చినాక ఒక మాట అడిగి చెయ్యగూడదా?" అంది జమీలా.

"అడిగితే బాధపడతాడుమా. వద్దంటాడు. అయిపోయినాక నేనే నిమ్మళంగా చెప్తాలే."

జమీలా ఆమె మొహంలోకి ఒక్క క్షణం అదోలా చూసింది. వంటింట్లోకి పోయింది.

కాపీ తెరుచుకుంది. నాలుగు నిమిషాలు. తెలుగు పేర్లున్న చుక్కలు పదకొండు. ఒక్కోదాని మీదికి వెళ్ళాలి, 'ఖాళీ చేయి' అన్నది నొక్కాలి, నిజంగానా అని ఆట అడిగితే నిజంగానే అని చెప్పాలి. బస్టాండు పోయింది. చీనీతోట పోయింది. మక్బూల్ పోయాడు. తన పేరు మీద నొక్కేటప్పుడు ఆమెకు ఏమీ అనిపించలేదు. పదో చుక్క అయ్యాక 'బాబు' దగ్గర చెయ్యి ఆగింది. ఆగిన ఆ కాసేపట్లోనే సైరన్ మోగింది, అంతా పోయింది. రెండోసారి మొదలుపెట్టింది. మళ్ళీ అక్కడే చెయ్యి ఆగింది, మళ్ళీ పోయింది. మూడోసారి ఆమె బుద్ధిగా ఆలోచించింది. ఆగేది ఎక్కడో తెలిసిపోయింది కాబట్టి దాన్నే మొదట తీసేస్తే సరి. తెర తెరుచుకోగానే నేరుగా ఆకాశపు అంచుకు పోయి, రెండక్షరాల మీద నొక్కింది. నిజంగానా? నిజంగానే. ఎనిమిది ఓడలు ఖాళీ చీకట్లో నిలబడిపోయాయి. మిగతా పదీ చకచకా అయిపోయాయి. ఉన్న కాపీ మీదే దాచింది. ఒక టర్ను నొక్కి చూసింది, పది నొక్కింది, ఇరవై నొక్కింది. ఆట చక్కగా నడుస్తోంది. ఆమెకు ఒళ్ళంతా తేలికైంది. నాయన వచ్చి కూర్చుంటాడు, తెరను అటూ ఇటూ జరుపుతాడు, సగంలో ఆగిన మాట పూర్తి చేస్తాడు.

లాల్ బాషా వచ్చాడు. మాంసం సంచి పెళ్ళానికిచ్చి, తెర మీద చుక్కలు చూసి, గుమ్మంలోనే ఆగాడు.

"నడుస్తాందా?"

"నడుస్తాంది నాయనా! రా, కూచ్చో."

చేతులు కడుక్కుని, తువ్వాలతో తుడుచుకుని వచ్చాడు. ఆయన మొహం చూసి ఆర్షియా పొంగిపోయింది. ఆయన మౌసు పట్టుకున్నాడు. బస్టాండు లేకపోవడం చూశాడు. తెరను అంచు దాకా జరిపాడు. కాస్త వెనక్కి జరిపాడు. మళ్ళీ అంచుకు తెచ్చాడు.

"ఈడ ఒకటి ఉండాల గదా పాపా?"

ఆర్షియా చెప్పింది. తెలుగక్షరాలను ఆట చదవలేదని, కంపెనీవాడు రాశాడని, ఆ పేర్లున్న వాటిని ఖాళీ చేస్తే తప్ప నడవదన్నాడని, ఇందులో ఆయన తప్పు ఇసుమంత కూడా లేదని గబగబా చెప్పింది. ఆయన తల ఊపుతూ విన్నాడు.

"ఖాళీ జేస్తే ఆడుండేటోళ్ళు యాడికి పోతారు?"

"తెలీదు నాయనా. ఆట చెప్పలే."

"మళ్ళా తెచ్చుకునేదానికి కాదా?"

"కాదు. దాని మీదనే దాచినా." ఆమె కొంచెం దగ్గరికి జరిగింది. "నిన్ను అడుగుదామనుకుంటి నాయనా. అడిగితే బాధపడతావని... అంతా అయినాక చెప్తామని..."

లాల్ బాషా ఆమె వైపు తిరిగాడు. కోపం లేదు. ఆయన మొహంలో అలాంటిదేమీ లేదు.

"వాండ్లూ అదే మాట అనిరి పాపా" అన్నాడు.

"ఎవరు?"

"మీ అవ్వ, మా అన్న, అందరూ. పొద్దున్నే పోయినాడంట. మట్టి ఇచ్చి, ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కున్నాక ఫోను చేసిరి. ముందే చెప్తే బాధపడతావని చెప్పల్యా అనిరి. నేను ఎయిర్‌పోర్టులోనే ఉంటి. విమానాలు నా కండ్ల ముందరే పోతాండె."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

"నువ్వేం జేస్తావులే. వాండ్లేం జేస్తారు. ముందే చెప్పినా నేను అందుకోనుగదా" అన్నాడు లాల్ బాషా. అని, ఆమె భుజం మీద చెయ్యి వేయబోయి, అలవాటు లేక వెనక్కి తీసుకున్నాడు. ఆ ఎనిమిది ఓడలను ఒక్కొక్కటిగా ఎంచుకుని, లోపలికి, మిగిలిన చుక్కల వైపు మళ్ళించాడు. తర్వాతి టర్ను నొక్కాడు.

ఆమె పక్కనే కూర్చుంది. తమ్ముడికి బెల్లం ఇష్టమని చెప్పాలనుకుంది. చెప్పడానికి తనకు ఇక హక్కు లేదనిపించింది. సాయంత్రం దాకా ఇద్దరూ ఆడుతూనే ఉన్నారు. ఆయన "ఊ" అన్నప్పుడు ఈమె "ఆ" అంది. ఆట ఆ పొద్దంతా ఒక్కసారి కూడా ఆగలేదు.